వేపాకు రాయి కింద తియ్యనీళ్ళు

మిట్టపాలెంలో మాలకొండమ్మ గొంతు వినపడని వాళ్ళంటూ ఉంటే, వాళ్ళు సముద్రం మీద వేటకు పోయినవాళ్ళే అయ్యుండాలి. గాలి వాటంగా ఉంటే వాళ్ళకూ వినపడేదని ఆమె మొగుడు చిన్నపోలయ్య చెప్పేవాడు. అతను చాలా తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఏదో మాట్లాడదామని చూశాడు గానీ సందు దొరక్క ఊరుకున్నాడని పాలెంలో అనుకునేవాళ్ళు.

అప్పటికి కందుకూరు తాలూకా కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ తాలూకా సముద్రపొడ్డున, ఇసుక దిబ్బలకూ ఉప్పుటేరుకూ నడుమ ఇరుక్కుని ఉండేది మిట్టపాలెం. అంతా చేపలు పట్టి బతికే పట్టపువాళ్ళ ఇళ్ళు. పాలెంలో ఎక్కడ గుంత తీసినా ఉప్పునీళ్ళే పడేవి. మంచినీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు ఏరు దాటి రైతుల ఊరికి పోవాలి. పోయినా, ఆ ఊరి బావిలో చేద వేసే హక్కు వీళ్ళకు లేదు. కుండలు కింద పెట్టి, గట్టుకు దూరంగా నిలబడాలి. నీళ్ళకొచ్చిన ఇల్లాళ్ళలో ఎవరికో దయ కలిగి, తోడి, పైనుంచి కుండలో పోస్తే అప్పుడు ఎత్తుకోవాలి. దయ ఆలస్యమైన రోజున పొద్దెక్కేదాకా ఎండలో నిలబడాలి.

మాలకొండమ్మ పుట్టిల్లు కోవూరు అవతల, పెన్న ఒడ్డున. ఏటి ఇసుకలో చేత్తో చెలమ తీసుకుని దోసిలితో తాగి పెరిగిన పిల్ల. కాపురానికొచ్చిన రోజు దాహమంటే అత్తగారు చిన్న ముంతతో నీళ్ళిచ్చి, "సగం తాగి సగం ఉంచుమే, రాత్రికి కావాల" అందట. అత్తగారు చెడ్డది కాదు, పాలెంలో అదే పద్ధతి. అయినా ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. కావలి బజారులో ఎండుచేపలమ్ముతూ షావుకార్లనే గదమాయించే మనిషి, ఆ రైతుల బావి దగ్గర మాత్రం "అమ్మా, తల్లీ" అనే రెండు మాటలకు మించి నోరెత్తేది కాదు. ఎత్తితే కుండ ఖాళీగా తిరిగొస్తుంది. ఆ ఊరుకోవడమే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. సమితి వాళ్ళు ఊళ్ళకు బావులు తవ్విస్తారని కావలి బజారులో విన్నదే తడవు, మాలకొండమ్మ కాలికి బలపం కట్టుకుని ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. చేపల గంప నెత్తినుండగానే లోపలికి పోయేది. ఆమెకు తొందరగా జవాబు చెప్పి పంపేస్తే తప్ప గదిలో వాసన పోదని గుమాస్తాలకు త్వరలోనే బోధపడింది. అరవై ఒకటి ఎండాకాలానికి బావి మంజూరైంది. పాలెం వెనకున్న ఎర్రమట్టి మిట్ట మీద చోటు చూశారు. ఉదయగిరి వైపు నుంచి బావులు తవ్వే ఓబయ్య తన మనుషులతో, పలుగులూ పారలతో వచ్చి దిగాడు.

ఎర్రమట్టి పోయింది, కంకరలాంటి గరప పోయింది. దాని కింద తెల్లటి రాయి తగిలింది. సుద్దలా మెత్తగా, పలకల్లా పొరలు పొరలుగా లేచే రాయి. ఓబయ్య పలుగు మోపి ఒక పలక లేపాడు. లేపి, అట్లాగే నిలబడిపోయాడు. రాయి మీద ఆకు. ఈనెకు అటూ ఇటూ సన్నటి రెబ్బలు, వరసగా, ఎవరో శ్రద్ధగా అద్దినట్టు. దాని పక్కన ఇంకొకటి. దాని కింది పలకలో మరో నాలుగు.

ఓబయ్య పలుగు అక్కడే పడేసి పైకొచ్చాడు. "అక్కా, నా వల్ల కాదు. రాతిలో వేపాకుండాది. అమ్మ ఉండాది ఆడ. ఇంక పలుగెత్తితే నా చెయ్యి పడిపోతాది."

ఆ రోజుల్లో ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. ఒంటిమీద అమ్మవారు పోస్తే, అంటే మశూచి వస్తే, మనిషి ఒళ్ళు పెనంలా కాలేది. అట్లాంటి మనిషిని వేపాకు పరిచి దాని మీద పడుకోబెట్టేవాళ్ళు. అమ్మ ఒంట్లో ఉంది, ఆమెకు చల్లగా ఉండాలని. వేపాకు పరిచి ఉందంటే అక్కడ పోలేరమ్మ తల్లి పడుకుని ఉన్నట్టే. ఇక భూమి అడుగున, రాయి లోపల, మనిషన్నవాడు పరవలేని చోట వేపాకు పరిచి ఉంటే వేరే చెప్పాలా?

కులపెద్ద చెంగయ్య వచ్చి, తొంగి చూసి, రెండు చేతులూ జోడించాడు. చిన్నపోలయ్యకు అన్న ఆయన. మంచివాడే గానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పలకను పైకి తెప్పించి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాడు. "ఇది అమ్మ పడక. నిద్దరబోతా ఉండే తల్లి నెత్తిన పలుగేస్తే ఊరు ఉంటాదంట్రా? గుంత పూడ్చండి" అన్నాడు.

మాలకొండమ్మ బావగారి ముందు కొంగు కప్పుకునేది గానీ నోరు కప్పుకునేది కాదు. "తవ్వించేదానికి ఏళ్ళు తిరిగినాను బావా. పూడ్చేదానికి నాలుగు రోజులాగలేవా?" అంది. ఆ నాలుగు రోజులూ మాత్రం దొరికాయి. అయితే సమితి ఓవర్సీరు వచ్చి చూసి, పని ఆగితే ఈ బావిని వేరే ఊరికి రాసేస్తామని చెప్పి పోయాడు. అడిగే ఊళ్ళు చాలా ఉన్నాయట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు అనుకుంది మాలకొండమ్మ. మర్నాడు ఒక ఆకు రాయిని ఎండుచేపల కింద గంపలో పెట్టుకుని కావలి పోయింది.

కావలి బజారులో హనీఫా సోడాకొట్టు దగ్గర గంప దించుకుని కష్టం చెప్పుకోవడం ఆమెకు అలవాటు. హనీఫా కథంతా విని, "ఆకుల రాళ్ళా! అక్కా, ఒకాయన ఆటికోసమే తిరగతా ఉండాడు ఇక్కడ. మద్రాసు కాలేజీలో పాఠాలు చెప్తాడంట, మన నెల్లూరాయనే, ఏసుమణి గారని. ఎండలో గోతులన్నీ దిగి దిగి సాయంత్రానికి నా కొట్టుకే వస్తాడు. కూసో" అన్నాడు.

ఏసుమణి వచ్చాడు. ఎండకు మొహం కమిలిపోయిన కుర్రాడు, బూట్ల నిండా దుమ్ము. మాలకొండమ్మ గంపలోంచి రాయి తీసి చేతిలో పెట్టింది. ముందు ముక్కు మూసుకున్నాడు. రాయి తిప్పి చూశాక ముక్కు సంగతే మరిచిపోయాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"అది చెప్తాలే. ముందు ఇది వేపాకు అవునా కాదా చెప్పు నాయనా."

"కాదు. ఈ ఆకు చెట్టుకుండేటప్పుడు భూమ్మీద వేపచెట్టే లేదు. మనుషులే లేరు. చూసేదానికి ఈతచెట్టుకు దూరపు చుట్టంలా ఉండేదమ్మా ఈ చెట్టు. ఆకు రాలి, బురదలో పడి, ఆ బురదే రాయైపోయింది. కోట్ల ఏళ్ళ కిందటి మాట." అతనికి ఉత్సాహం ఆగలేదు. "ఇంకో వింత చెప్పనా? ఇట్లాంటి ఆకులే భూమికి దక్షిణపు కొసన కూడా రాళ్ళలో దొరికినాయి. ఇప్పుడు అక్కడేముందో తెలుసా?"

హనీఫా ఊకలోంచి అప్పుడే తీసిన ఐసుగడ్డను ఏసుమణి చూపించాడు. "ఇదే. కొండలంత. ఎండాకాలం వచ్చినా కరగదు. చెట్టన్నది మొలవదు. అట్లాంటి చోట ఈ ఆకులుండే అడవి పెరిగిందంటే ఏమనుకోవాల? ఆ కాలంలో భూమి మొత్తం వెచ్చగా ఉండేది. కొసల్లో కూడా ఐసు లేదు."

హనీఫా చేతిలో గడ్డ జారబోయింది. "ఐసే లేని లోకమా! యా అల్లా, మరి సోడా ఎట్టా తాగినారు సారూ?"

మాలకొండమ్మ మాత్రం అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "మనుషులే లేరంటివి. వెచ్చగుండేదని ఎవురు చూసినారు?"

"గుల్లలు చెప్తాయమ్మా. ఆ కాలపు సముద్రంలో బతికిన జీవాల గుల్లలు రాళ్ళలో దొరుకుతాయి. గుల్ల కట్టుకునేటప్పుడు నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో ఆ గుర్తు గుల్లలోనే ఉండిపోతుంది. దాన్ని చదవడం ఈమధ్యనే, పదేళ్ళ కిందటే, నేర్చుకున్నారు."

మాలకొండమ్మ గంపలోని ఎండుచేపల వంక చూసింది. ఎండుచేప ముక్క విరిచి చూస్తే అది ముదురెండలో ఎండిందో, మబ్బు పట్టిన రోజున ఎండిందో ఆమె చెప్పగలదు. నోరు లేని ఎండుచేపే చెప్తుంటే గుల్ల ఎందుకు చెప్పదు? ఇది నమ్మదగ్గ మాటే అనుకుంది. "మరి ఎందుకు అట్టా ఒళ్ళు కాలింది భూమికి?"

"కాలడం కాదమ్మా, వెచ్చగా..." అని సర్దబోయాడు ఏసుమణి. ఆమె అప్పటికే వినడం మానేసింది. "ఎందుకో మాకింకా సరిగ్గా తెలియదు. భూమి ముక్కలు పడవల్లా కదిలి ఎక్కడెక్కడికో పోయినాయని కొందరంటారు. మా ప్రొఫెసరు ముందు ఆ మాటంటే తంతాడు."

"ఆ గుంతలో నీళ్ళు పడతాయా నాయనా?"

అతను అబద్ధమాడలేదు. "ఈ రాయి కింద ఇసుకరాయి ఉంటే మంచినీళ్ళు పడొచ్చు. పడకపోనూవచ్చు. తవ్వితే గానీ తెలియదు."

మర్నాడు ఏసుమణి మిట్టపాలెం వచ్చాడు. పసుపు పూసిన పలకను చూసి ముందు లబోదిబోమన్నాడు. అంత మంచి నమూనా పాడైపోయిందని. తరవాత వంగి చూస్తే పసుపు ఈనెల గీతల్లో ఇరుక్కుని, అంతవరకూ కంటికి ఆనని సన్నటి గీతలు కూడా కనబడుతున్నాయి. "చానా బాగా చేశారండీ" అని చెంగయ్యకు దణ్ణం పెట్టాడు. ఎందుకు పెట్టాడో చెంగయ్యకు తెలియలేదు గానీ సంతోషించాడు.

ఆ సంతోషం అక్కడికే. ఏసుమణి పాలెం జనమందరి ముందు, ఇది వేపాకు కాదు, భూమి వెచ్చగా ఉన్న కాలపు చెట్టు ఆకు అని చెప్పాడు. చెంగయ్య ఓపిగ్గా విని, "అట్నే సారూ. నువ్వు చదివిన బుక్కుల్లో అమ్మ ఉండదులే. మాకు ఉండాది" అన్నాడు. జనం తలలూపారు. ఓబయ్య మనుషులు పలుగులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

మాలకొండమ్మ ఆ పలుగుల వంక చూసింది. ఈ బావి పోతే మళ్ళీ బావి లేదు. తనూ, తన తరవాతి కోడళ్ళూ, ఏరు దాటి, కుండలు కింద పెట్టి, "అమ్మా, తల్లీ" అంటూ నిలబడాల్సిందే. ఆ తలపు రాగానే ఆమెకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. కొంగు నడుముకు దోపి బావగారి ఎదుటికి పోయింది.

"బావా, అమ్మే అనుకుందాం. ఈ సారు చెప్పింది నువ్వు సగమే విన్నావు. ఆ కాలంలో భూమికి ఒళ్ళు కాలిపోయిందంట. ఎక్కడా ఐసు ముక్క కూడా లేదంట. ఐసు గడ్డలుండే దేశాల్లో కూడా ఇదే ఆకు పరిచి ఉండాదంట. అంటే ఏంది? తల్లికి ఒళ్ళంతా వేడి. ఈ కొస నుంచి ఆ కొసదాకా ఆకు పరుచుకుని పడుకోనుండాది. అవునా?"

"అవును" అన్నాడు చెంగయ్య, ఇదెక్కడికి పోతుందో తెలియక.

"మన ఇంట్లో అమ్మ పోసిన మనిషికి చివరికి ఏం చేస్తాం?"

జవాబు అందరికీ తెలిసినదే. అమ్మవారు తగ్గుముఖం పట్టాక తలకు నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళు పోసేదాకా తల్లి పోయినట్టు కాదు, మనిషి లేచినట్టు కాదు.

"తలకు నీళ్ళు పోస్తాం" అంది మాలకొండమ్మ తనే. "ఈ తల్లికి ఎవురు పోసినారు బావా? మనుషులే లేరంట గదా అప్పుడు! అప్పటి నుంచి ఆకుమీదే ఉండాది. చూసినోళ్ళం మనం. చూసి కూడా మట్టి కప్పి పోదామంటావా? పోసేదానికి ఉప్పునీళ్ళు పనికిరావు, ఒళ్ళు మండిపోతాది. తియ్యనీళ్ళు కావాల. అవి ఈ పాలెంలో యాడుండాయి? ఉంటే ఆమె కిందనే ఉండాయి."

తను చెప్పిన పాఠం ఇట్లా తయారవుతుందని ఏసుమణి అనుకోలేదు. కానీ వేడిదగ్గరికొచ్చేసరికి అందులో తప్పు పట్టడానికి అతనికి ఏమీ దొరకలేదు.

ఆడవాళ్ళంతా ఒక్కసారి గలగలమన్నారు. చెంగయ్య మెత్తబడ్డాడు గానీ పెద్దరికం ఉంది గదా. "సరే, అమ్మనే అడుగుదాం. పొట్టేలు చెప్తాది" అన్నాడు. పొట్టేలు మీద నీళ్ళు చల్లితే అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, లేదంటే లేదు. పొట్టేలును తెచ్చి నిలబెట్టారు. చెంగయ్య ఉప్పుటేటి నీళ్ళు వేపమండతో చిలకరించాడు. పొట్టేలు కదల్లేదు. మళ్ళీ చిలకరించాడు. అది ఎదురుగా ఉన్న ఏసుమణి సంచీని నమలడం మొదలుపెట్టింది.

"ఉప్పునీళ్ళతో అడిగితే తల్లి ఏం చెప్పుద్ది బావా?" అని మాలకొండమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. ఆ పొద్దున రైతుల బావి దగ్గర నిలబడి నిలబడి తెచ్చుకున్న కుండ ఒక్కటే ఇంట్లో ఉంది. దాన్నెత్తుకొచ్చి, మొత్తం కుండ పొట్టేలు నెత్తిన కుమ్మరించింది. చూస్తున్న ఆడవాళ్ళు "అయ్యో!" అన్నారు. పొట్టేలు కోసం కాదు, నీళ్ళకోసం. కుండెడు నీళ్ళు పోస్తే విదిలించని పొట్టేలు ఎక్కడుంటుంది? కొమ్ముల నుంచి తోకదాకా విదిలించిందది. చెంగయ్య చొక్కా అంతా తడిసింది.

చిన్నపోలయ్య ఆ రోజుకు తనకున్న ఒక్క మాటా అప్పుడు వాడాడు. "అమ్మ ఒప్పుకుంది అన్నా" అన్నాడు. చెంగయ్య మొహం తుడుచుకుంటూ నవ్వేశాడు. ఓబయ్య పలుగుకు పసుపు రాయించుకుని గుంతలోకి దిగాడు.

మొదటి పలక చెంగయ్య దగ్గరే అమ్మగా ఉండిపోయింది. మిగతావన్నీ ఏసుమణి ఏరుకున్నాడు. వాటిని మద్రాసు చేర్చడానికి మాలకొండమ్మ చేపల గంపలే ఇచ్చింది. కాలేజీలో అద్దాల పెట్టెలో పెట్టినా ఎండుచేప వాసన మాత్రం వదల్లేదట. తరవాతి ఏళ్ళలో అతను విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ వైపు వచ్చినప్పుడల్లా మిట్టపాలెంలో ఆగేవాడు. భూమికి ఒళ్ళు కాలిన కథ వాళ్ళకు మాలకొండమ్మే చెప్పేది. చిన్న చిన్న తప్పులు దిద్దడం అతను ఎప్పుడో మానుకున్నాడు.

అదంతా తరవాతి సంగతి. ముందు నీళ్ళు పడాలి గదా. తెల్లరాయి ఎంతకూ తరగలేదు. ఓబయ్య మనుషులు విసుక్కున్నారు. నీళ్ళు పడకపోయినా, పడి ఉప్పగా ఉన్నా, దానికి కారణం ఎవరని పాలెం చెప్పుకుంటుందో మాలకొండమ్మకు బాగా తెలుసు. రోజూ గట్టుమీద కూర్చుని, ఆ కొద్ది రోజులూ ఎవరితోనూ పోట్లాడలేదు. చిన్నపోలయ్యకు భయం వేసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

తెల్లరాయి పోయి గరుకు రాయి తగిలిన రోజున ఓబయ్య కింద నుంచి అరిచాడు. "అక్కా! ఊట!"

పాలెం మొత్తం గట్టు దగ్గరికొచ్చింది. బురద తేరుకునేదాకా ఆగారు. గిలక ఇంకా బిగించలేదు. చెంగయ్య చేంతాడు కట్టిన చేద తెచ్చి మాలకొండమ్మ చేతికిచ్చాడు. "నువ్వు పట్టిన మొండిపట్టు మే ఇది. నువ్వే తాగి చెప్పాల."

ఆమె చేద వదిలి, నిండాక లాగింది. దోసిలి పట్టి తాగింది. మళ్ళీ పట్టి తాగింది. మూడోసారి కూడా తాగింది గానీ ఒక్క మాట అనలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం పాలెం ఎప్పుడూ చూడలేదు. "ఉప్పేనా మే?" అన్నాడు చెంగయ్య నీరసంగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్ళు తుడుచుకుని, చేదలో మిగిలిన నీళ్ళు తీసుకెళ్ళి పసుపు రాయి మీద మెల్లగా పోసింది. ఆకు ఈనెల్లోంచి పసుపు కరిగి కారింది. చెంగయ్య చేతులు జోడించాడు. ఆడవాళ్ళు కుండల కోసం ఇళ్ళకు పరుగెత్తారు.

మాలకొండమ్మ మళ్ళీ గట్టెక్కి, చేద దించి, నిండుగా తోడింది. అంత మందిలో, కట్టుకున్న చీరతోనే, కొప్పు విప్పి, ఆ నీళ్ళన్నీ తన నెత్తిన పోసుకుంది. సరిపోలేదని మళ్ళీ తోడుకుంది, పొయ్యమని ఎవరినీ అడక్కుండా.